కు.ని.: రెండక్షరాల చరిత్ర

తెలుగు పత్రికల జిల్లా పేజీలు తిరగేసేవారికి ‘కు.ని.’ అన్న పొడి అక్షరాలు కొత్త కాదు. ఫలానా మండలంలో కు.ని. శిబిరం, ఇంతమందికి శస్త్రచికిత్సలు, లక్ష్యం ఇంత, సాధించింది ఇంత అని నాలుగు వాక్యాల్లో వార్త ముగిసేది. విప్పితే కుటుంబ నియంత్రణ. ఢిల్లీలో ఆ కార్యక్రమానికి పెట్టిన ఇంగ్లీషు పేరుకి కుటుంబాన్ని ముందుచూపుతో తీర్చుకోవడం అని అర్థం. 1977లో ఆ పేరు కూడా మార్చి కుటుంబ సంక్షేమం అన్నారు. ఆఫీసుల బోర్డులు మారాయి గాని, తెలుగువాళ్ల నోట నియంత్రణే మిగిలింది. అనువాదంలో దొర్లిన పొరపాటని దీన్ని కొట్టిపారేయవచ్చు. నాకు మాత్రం అసలు పేరు దాచిన సంగతిని తెలుగు పేరు బయటపెట్టేసిందనిపిస్తుంది. ఊళ్లలో ఆడవాళ్లు ఆ మాట కూడా వాడరు. ‘ఆమెకు ఆపరేషన్ అయిపోయింది’ అంటారు. ఏ ఆపరేషనో వివరించాల్సిన పని లేదు. ఒక ప్రాంతపు ఆడవాళ్ల జీవితాల్లో ఒక శస్త్రచికిత్స విశేషణం అక్కర్లేనంత మామూలైపోయిందంటే, దాని వెనక కథను అడగాల్సిందే.

ముందు అంకెలు చూద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సగటున ఒక్కో స్త్రీ కనే పిల్లల సంఖ్య 1992–93లో 2.6 దాకా ఉండేది. 2005–06 నాటికి 1.8కి పడిపోయింది. కేరళలో సంతానం తగ్గిందంటే ఆడపిల్లల చదువు, ఆలస్యంగా పెళ్లి, ఊరూరా ఆస్పత్రి అని కారణాలు చెప్పుకోవచ్చు. ఆంధ్రలో అవేవీ ఆ స్థాయిలో లేవు. 2001 జనగణనలో ఇక్కడి స్త్రీల అక్షరాస్యత సగానికి కాస్త పైన, 50.4 శాతం. 2005–06లో 20–24 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా, దాదాపు 55 శాతం మందికి 18 నిండకముందే పెళ్లిళ్లయిపోయాయి. చదువు పెరగకుండా, పెళ్లి వయసు పెరగకుండా పిల్లలు ఎలా తగ్గారన్నది జనాభా శాస్త్రవేత్తలకు చాలాకాలం చిక్కుముడి. ఆ ముడి విప్పేది ఆపరేషనే. 2019–21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని వివాహిత స్త్రీలలో ఏదో ఒక పద్ధతి పాటిస్తున్నవారు 71 శాతం. ట్యూబెక్టమీ ఒక్కటే 69.6 శాతం. మగవాళ్ల వేసక్టమీ 0.4 శాతం. మాత్రలు, కాపర్-టి, నిరోధ్, ఇంజెక్షన్ అన్నీ కలిపినా ఒక్క శాతం చుట్టుపక్కలే. పదహారు, పదిహేడేళ్లకు పెళ్లి, వెంటవెంటనే రెండు కాన్పులు, పాతికేళ్లు రాకముందే ఆపరేషన్: ఇదే తెలుగుదారి. పిల్లలు తగ్గడం వేరు, పిల్లల్ని కనాలా వద్దా, కంటే ఎప్పుడు అన్నది స్త్రీ చేతికి రావడం వేరు. మన చరిత్రలో మొదటిది జరిగింది. రెండోది కూడా దాంతోపాటే జరిగిపోయిందని లెక్క రాసుకున్నాం.

ఈ రెండు దారులూ మొదటినుంచీ వేరువేరుగానే నడిచాయి. 1860 నాటి భారత శిక్షాస్మృతి 312వ సెక్షన్ గర్భస్రావాన్ని నేరం చేసింది. కడుపు తీయించుకున్న స్త్రీ కూడా నేరస్తురాలే. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ కాలపు సంస్కర్తల వాదనల్లో రహస్య గర్భాలు, భ్రూణహత్యల ప్రస్తావన పదేపదే వస్తుంది. సంఘానికి తగిలే మచ్చగా వస్తుంది, వితంతువును పెళ్లి దాకా నడిపించే కారణంగా వస్తుంది. ఆమె దేహం మీద ఆమెకు గల అధికారంగా మాత్రం రాదు. వాళ్లను ఈనాటి తూకంతో తూచడం అన్యాయమే. కానీ ఆ వాదం మరో అర్ధశతాబ్దంలోనే వచ్చిందని మరచిపోవడం కూడా అన్యాయమే. 1921లో రఘునాథ్ ధోండో కర్వే బొంబాయిలో సంతాన నిరోధ కేంద్రం తెరిచారు. మద్రాసు రాజ్యంలో ఆత్మగౌరవ ఉద్యమం నడిపిన పెరియార్ తోటి జనాభావాదులతో బాహాటంగా విడిపోయారు. దేశ దారిద్ర్యం కోసమో, తల్లి ఆరోగ్యం కోసమో గర్భనిరోధం కావాలని ఇతరులు అంటుంటే, స్త్రీ స్వతంత్రంగా బతకడానికి అది కావాలన్నారాయన. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పటికి ఆ రాజ్యంలోవే. 1938లో బొంబాయి శాసనసభలో అంబేడ్కర్ పక్షాన పి.జె. రోహం సంతాన నిరోధ తీర్మానం పెట్టి, స్త్రీ ప్రాణాన్ని, ఆరోగ్యాన్ని ముందుపెట్టి మాట్లాడారు. తీర్మానం ఓడిపోయింది. 1935లో వార్ధాకు వచ్చిన మార్గరెట్ సాంగర్‌తో గాంధీ బ్రహ్మచర్యమే మార్గమని వాదించారు. అయినా అదే దశకంలో అఖిల భారత మహిళా సభ గర్భనిరోధ జ్ఞానాన్ని సమర్థించింది. స్త్రీల శరీరంపై స్త్రీల హక్కు పడమటి గాలికి కొట్టుకొచ్చిన మాట అనేవాళ్లు ఈ వరసను ఒకసారి చూడాలి. విజయవాడలో వైద్యం చేసిన డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ ప్రసూతి, శిశుపోషణల మీద తెలుగులో పుస్తకం రాసి, మంత్రసాని చేతిలో మూగగా ఉండిపోయిన విషయాల్ని అక్షరాల్లోకి తెచ్చారు. ఆ జ్ఞానం ఆడవాళ్ల చేతికి అందాలన్న తపన మన దగ్గరే పుట్టింది.

అయితే విప్లవ రాజకీయాలు కూడా ఈ ప్రశ్నను దాటవేశాయని ఒప్పుకోవాలి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ పేరుతో అచ్చువేసింది. అందులో అడవిలో కన్న బిడ్డను దళం భద్రత కోసం పరాయి చేతుల్లో పెట్టాల్సి వచ్చిన తల్లి గొంతు ఉంది. ఉద్యమానికి ఆమె గర్భం ఒక ఇబ్బంది. తర్వాత ప్రభుత్వానికి అలాంటి స్త్రీల గర్భాలే ఒక సమస్య అయ్యాయి. ఇద్దరి లక్ష్యాలకూ పోలిక లేదు. ఇద్దరి దగ్గరా స్త్రీని అడిగే అలవాటు మాత్రం లేదు.

1952లో ప్రభుత్వం కుటుంబ నియంత్రణను తన పనిగా తలకెత్తుకుంది. ప్రభుత్వమే జాతీయ కార్యక్రమంగా దీన్ని నడిపిన తొలి దేశం మనదే. తొలి ప్రణాళికలో కేటాయింపు 65 లక్షల రూపాయలు. 1965లో గర్భసంచిలో అమర్చే లూప్ వచ్చింది. రక్తస్రావం, నొప్పి అని వచ్చిన స్త్రీల ఫిర్యాదులను వినే యంత్రాంగం లేక ఆ ప్రయోగం కొద్ది ఏళ్లలోనే చతికిలపడింది. అప్పుడు దృష్టి మగవాళ్ల మీదికి మళ్లింది. 1971లో ఎర్నాకుళంలో ఒక్క నెల శిబిరంలో 63 వేలకు పైగా వేసక్టమీలు చేశారు. జాతర వాతావరణం, బహుమతులు, ఊరేగింపులు. దేశం ఆ నమూనాను మెచ్చుకుంది. ఎమర్జెన్సీ దాన్ని బలవంతపు యంత్రంగా మార్చింది. 1976–77లో జరిగిన దాదాపు 83 లక్షల ఆపరేషన్లలో 62 లక్షలు మగవాళ్లవి. ఉత్తరాది పల్లెల్లో పురుషులు పొలాల్లో దాక్కున్నారు. 1977లో ప్రభుత్వమే కూలిపోయింది. మరుసటి ఏడాది మొత్తం ఆపరేషన్లు పదిలక్షల లోపుకు, అందులో వేసక్టమీలు రెండు లక్షల లోపుకు పడిపోయాయి. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ మగవాడి జోలికి గట్టిగా వెళ్లలేదు. పాలకులు బలవంతం తప్పని నేర్చుకున్నారనుకుంటాం గాని, వాళ్లు నేర్చుకున్నది మగవాళ్ల మీద బలవంతం చేస్తే ఓట్లు పోతాయన్న పాఠం. ఆడవాళ్లకు ఓటు లేక కాదు. కాన్పు కోసం ఎలాగూ ఆస్పత్రికి వస్తారు, ఎదురు తిరిగే అలవాటు లేదు, ఇంట్లో వాళ్ల తరఫున పోట్లాడేవాళ్లూ లేరు. సరిగ్గా అప్పుడే లాపరోస్కోపీ వచ్చింది. చిన్న గాటు, కొన్ని నిమిషాల పని, ఒకే రోజు పదుల మంది. సాంకేతికత సులువుగా దొరికినచోట రాజకీయం కూడా అటే మొగ్గింది. మగవాళ్ల ఆపరేషన్ నిజానికి మరింత చిన్నది, ప్రమాదం తక్కువ. సులువు అన్న ఒక్క కారణమే ఉంటే లెక్క తలకిందులుగా ఉండాల్సింది.

ఆంధ్రప్రదేశ్ ఈ దారిలో అందరికన్నా క్రమశిక్షణతో నడిచింది. ఇక్కడ ఎమర్జెన్సీ నాటి ఉత్తరాది లాఠీ కన్నా రిజిస్టరుదే పెద్దపీట. నర్సమ్మకు, ఏఎన్ఎంకు, ఒక్కో కాలంలో రెవెన్యూ ఉద్యోగికి, బడిపంతులుకు కూడా కోటాలుండేవి. వాళ్ల భాషలో ఒప్పుకున్న స్త్రీ పేరు ‘కేసు’. ఇన్ని కేసులు తేవాలి, మార్చిలోగా తేవాలి. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు కొంత సొమ్ము, తీసుకొచ్చినవాళ్లకు కొంత. ‘ఇద్దరు ముద్దు, ఆపై వద్దు’ అని గోడల మీద ఎర్ర త్రికోణం పక్కన రాసేవారు. 1994 కైరో సదస్సు తర్వాత 1996 ఏప్రిల్ నుంచి లక్ష్యాల పద్ధతిని దేశమంతటా ఎత్తేశామన్నారు. కాగితాల్లో లక్ష్యం పోయి ‘ఆశించిన సాధన స్థాయి’ వచ్చింది. మాట మారింది గాని నర్సమ్మ మీద ఒత్తిడి అక్కడే ఉంది. 1997లో ఆంధ్రప్రదేశ్ సొంతంగా జనాభా విధానాన్ని ప్రకటించిన తొలి రాష్ట్రమైంది. తర్వాత వచ్చిన బాలికా సంరక్షణ పథకంలో ఆడపిల్ల పేరున ప్రభుత్వం సొమ్ము వేయాలంటే తల్లిదండ్రులలో ఒకరికి ఆపరేషన్ అయి ఉండాలి. ఆడపిల్లకు మేలు చేసే పథకం కూడా తల్లి కడుపు మీదుగానే నడవాల్సి వచ్చింది. ఇవేవీ నేరుగా బలవంతం కావు. కానీ పేద కుటుంబానికి పథకం, సొమ్ము, నర్సమ్మ మంచిమాట, మొగుడి మొండితనం అన్నీ ఒకేవైపు తోస్తుంటే ఆమె చేసినది ఎంపికా, లొంగుబాటా అని విడదీయడం కష్టం.

ఇక్కడే ఒక గట్టి ఆక్షేపణ ఎదురొస్తుంది. ఆడవాళ్లే కోరుకున్నారు గదా, వాళ్ల కోరికను బలవంతం అనడం కూడా ఒకరకం పెత్తనం కాదా? ఇది తేలిగ్గా తీసేసే మాట కాదు. కూలికి పోయే స్త్రీకి మూడో కాన్పు అంటే పోయిన కూలి, కరిగిన ఒళ్లు, ఒక్కోసారి పోయిన ప్రాణం. ఏటేటా కడుపు అన్న అమ్మమ్మల బతుకు నుంచి ఆపరేషన్ ఆమెను బయటపడేసింది. అత్తకు, మొగుడికి చెప్పుకోగల అధికారిక కారణం కూడా ఇచ్చింది. తల్లుల మరణాలు తగ్గడంలో కాన్పుల సంఖ్య తగ్గడానికి వాటా ఉంది. స్త్రీవాదులు ఈ మేలును కాదంటే తమ పక్కింటి ఆడవాళ్ల మాట వినడం లేదన్నమాటే. కానీ అడగాల్సిన ప్రశ్న వేరు: ఆమె ముందు ఎన్ని తలుపులు తెరిచి ఉన్నాయి? పెళ్లి ఎప్పుడన్నది ఆమె చేతిలో లేదు. మొదటి బిడ్డ ఎప్పుడన్నది లేదు. ఇద్దరు బిడ్డల మధ్య ఎడం ఎంతన్నది లేదు. మొగుడు నిరోధ్ వాడతాడా, వేసక్టమీకి ఒప్పుకుంటాడా అన్నది అసలే లేదు. ‘ఆయన బరువులు ఎత్తాలి, నీరసపడితే ఇల్లెలా గడుస్తుంది’ అన్నది పల్లెల్లో తరచూ వినిపించే సమాధానం. వరినాట్లలో నడుం వంచి నిలబడే ఆమె బరువు ఎవరికీ లెక్కలో లేదు. అన్ని నిర్ణయాలూ ఇతరులవైనచోట చివరి తలుపు ఒక్కటి ఆమెది. అదీ ఒకసారి వేస్తే మళ్లీ తెరుచుకోవడం అరుదు. ఆ తలుపును ఆమె ఆత్రంగా పట్టుకోవడంలో వింత ఏముంది? ఆ ఆత్రాన్ని హక్కుకు ప్రమాణపత్రంగా చూపడమే తప్పు.

స్త్రీవాదం ఈ చోటులోకి ఎలా అడుగుపెట్టిందో చెప్పాలంటే హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరుకు వెళ్లాలి. 1980ల నడుమ అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ వేయడానికి ఏర్పాటు జరిగింది. రెండు నెలలకొకసారి వేసే హార్మోన్ సూది అది. భారత వైద్య పరిశోధన మండలి పర్యవేక్షణలో సాగుతున్న ప్రయోగంలో అదొక భాగం. స్త్రీశక్తి సంఘటన సభ్యులు అక్కడికి వెళ్లి చూసేసరికి, సూది వేయించుకోవడానికి వచ్చిన స్త్రీలకు పిల్లలు పుట్టకుండా చేసే మందని మాత్రమే తెలుసు. అది ఇంకా పరీక్షలో ఉందని, నెలసరి గాడి తప్పవచ్చని, కొన్నాళ్ల తర్వాత పిల్లలు కావాలనుకుంటే ఏమవుతుందో తెలియదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. సంగతి తెలిశాక చాలామంది వెనక్కి తగ్గారు. 1986లో స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీకి చెందిన సహేలీ, మరికొందరు కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. కేసు ఏళ్ల తరబడి సాగింది. 2000లో ప్రభుత్వమే ఈ ఇంజెక్షన్‌ను జాతీయ కార్యక్రమంలో మూకుమ్మడిగా వాడటం తగదని, సరైన సలహా, తర్వాతి పర్యవేక్షణ ఉన్నచోట్లకే పరిమితం చేయాలని ఒప్పుకున్నాక అది ముగిసింది. తెలుగునేల మీద స్త్రీల దేహం గురించి జరిగిన ఈ పెద్ద న్యాయపోరాటం గర్భనిరోధానికి వ్యతిరేకంగా సాగలేదు. తన ఒంట్లోకి ఎక్కేది ఏమిటో తెలుసుకునే హక్కు కోసం సాగింది. ఆ దృష్టితోనే 1990ల మొదట్లో ‘సవాలక్ష సందేహాలు’ అనే స్త్రీల ఆరోగ్య పుస్తకం వచ్చింది. అడగడానికి సిగ్గుపడే ప్రశ్నలకు ఆడవాళ్లే ఆడవాళ్లకు తెలుగులో జవాబులు చెప్పుకున్నారు. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’ కవితతో ప్రసూతిగది తెలుగు సాహిత్యంలోకి గడప దాటి వచ్చిన కాలమూ దాదాపు అదే. ఆస్పత్రి, కోర్టు, కవిత ఒకే ప్రశ్న చుట్టూ తిరిగిన అరుదైన సందర్భం.

ఆ పోరాటం స్త్రీలకు ఒక ప్రత్యామ్నాయాన్ని దూరం చేసిందని కొందరు డాక్టర్లు, కొందరు స్త్రీలు కూడా అన్నారు. మొగుడికి తెలియకుండా వేయించుకోగల సూది ఎందరికో ఊరట అయ్యేదన్నది వాళ్ల వాదన. ఇందులో బలం ఉంది. గర్భాల నడుమ ఎడం కోసం సరైన మార్గాలు లేకపోవడం వల్లనే ఆపరేషన్ ఏకైక తలుపైందని ఇప్పటిదాకా చెప్పిన నేను ఆ మాట కాదనలేను. అయితే ఆనాటి ఆరోగ్య కేంద్రంలో సూది కూడా ఆపరేషన్ దారిలోనే నడిచేది: కోటా, కేసు, సంతకం. వేసిన సూదిని వెనక్కి తీసుకోలేం. రక్తస్రావమైతే వినే మనిషి ఉన్నప్పుడే అది స్త్రీకి సాధనం. 2017 ప్రాంతంలో ‘అంతర’ పేరుతో మరో ఇంజెక్షన్ ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది. దానితో పాటు సలహా, ఫాలో-అప్ కార్డు అంటూ కొన్ని జాగ్రత్తలు కూడా చేరాయి. వాటి వెనక పటాన్‌చెరు జ్ఞాపకం ఉందనే నా అనుమానం.

చట్టం కథ మరింత వంకర. 1971 గర్భస్రావ చట్టాన్ని మన దేశం ముందుచూపుకు నిదర్శనంగా చెబుతారు. అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కు తీర్పు కన్నా రెండేళ్లు ముందే వచ్చిందని గర్వపడతారు. దాన్ని జాగ్రత్తగా చదివితే హక్కు అనదగింది కనబడదు. గర్భస్రావం నేరంగానే ఉండగా, రిజిస్టర్డ్ డాక్టరు నమ్మితే ఆయనకు మినహాయింపు దొరుకుతుంది. వివాహిత విషయంలో గర్భనిరోధం విఫలమైతే గర్భం తీసేయవచ్చన్న నిబంధన స్త్రీ స్వేచ్ఛ కోసం కన్నా కార్యక్రమం విజయం కోసం పుట్టినట్టే ఉంది. పెళ్లికానివారికి ఆ వాక్యం తెరుచుకోవడానికి 2021 సవరణ దాకా, 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు దాకా ఆగాల్సి వచ్చింది. అసలైన హక్కు భాష మనకు మొదట వినపడింది కాపురం కేసులో. 1983లో నటి సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి, భార్యను కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమన్నారు. బలవంతపు కాపురమంటే, గర్భం ధరించాలా వద్దా అన్న నిర్ణయాన్ని స్త్రీ చేతుల్లోంచి లాగి రాజ్యం చేతికివ్వడమేనని ఆయన తర్కం. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు మరో కేసులో ఆ తర్కాన్ని తోసిపుచ్చింది. 9వ సెక్షన్ ఇప్పటికీ ఉంది. పునరుత్పత్తి ఎంపిక వ్యక్తి స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు అనడానికి 2009 రావాల్సి వచ్చింది. హైదరాబాద్ తీర్పుకు అప్పటికి పాతికేళ్లు దాటాయి.

గర్భస్రావం హక్కైతే, ఆడపిండమని తీసేయడాన్ని ఏ ముఖంతో ఆపుతారు? స్త్రీవాదులను ఇరుకున పెట్టడానికి ఈ ప్రశ్న తరచూ వేస్తారు. ఇరుకు నిజమైనదే, దాన్ని దాచాల్సిన పనిలేదు. 1994 చట్టం నిషేధించింది లింగ నిర్ధారణను. గర్భస్రావాన్ని కాదు. ఆ గీత గీయాలని పట్టుబట్టినవాళ్లలో స్త్రీల సంఘాలు ముందున్నాయి. డాక్టరు, స్కానింగ్ సెంటరు నేరస్తులు కావాలి గాని, ఒత్తిడిలో నలిగిన తల్లి కాదన్నది వాళ్ల పంతం. ఇంకా ముఖ్యం, ఆ ఒత్తిడి ఎక్కడినుంచి వచ్చిందో అడగడం. ఇద్దరే ఉండాలి, అందులో ఒకడు మగపిల్లవాడు కావాలి అన్నచోట రెండో కాన్పు పరీక్షగా మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 2001లో 961 మంది. 2011లో 939. చిన్న కుటుంబాన్ని ప్రభుత్వం పొగిడింది, మగబిడ్డను సమాజం కోరుకుంది. రెండూ ఆడపిల్ల దగ్గర కలిశాయి.

ఆపరేషన్ తర్వాత ఆ ఒంటికి ఏమైందన్నది ఎవరి రిజిస్టరులోనూ చేరలేదు. కేసు ముగిసింది, లక్ష్యం నిండింది. ఇరవై ఐదేళ్లకే పిల్లల పని అయిపోయిన స్త్రీకి ముప్పై ఐదేళ్లకు తెల్లబట్ట, నడుంనొప్పి, అధిక రక్తస్రావం వస్తే ‘ఇంక ఆ సంచితో పనేముంది, తీసేయండి’ అన్న మాట డాక్టరు నోటా, ఆమె నోటా సులువుగా వచ్చింది. 2015–16 సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతముంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఈ అంకెలకు ప్రైవేటు ఆస్పత్రుల లాభాపేక్ష ఒక కారణం, బీమా పథకాలు మరో కారణం. కానీ గర్భసంచిని పిల్లలు కనే పనిముట్టుగానే చూసే చూపు మాత్రం ఆస్పత్రులకన్నా ముందే అలవాటైంది. క్యాంపు ఆ చూపుకు బడి. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక శిబిరంలో కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశాక వరసగా మరణాలు సంభవించాయి. మూడేళ్లలో శిబిరాలు ఎత్తేయాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు చేశారు. వారిలో నలుగురు చనిపోయారు. అందరూ చిన్నవయసు తల్లులు.

ఇక ఈ చరిత్రలో చివరి మలుపు. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఇద్దరి కన్నా ఎక్కువమంది పిల్లలున్నవారిని స్థానిక ఎన్నికలకు అనర్హులను చేసింది. స్త్రీలకు మూడోవంతు స్థానాలు వచ్చిందీ ఆ కాలంలోనే. ఒక చేత్తో కుర్చీ ఇచ్చి, మరో చేత్తో ఆమె కడుపు లెక్క అడిగారు. ఆంధ్రప్రదేశ్‌తో సహా అయిదు రాష్ట్రాల్లో మాజీ ఐఏఎస్ అధికారిణి నిర్మలా బుచ్ చేయించిన అధ్యయనంలో ఈ నిబంధనకు భయపడి గర్భస్రావాలు, భార్యను వదిలేయడాలు, పుట్టిన బిడ్డను కాదనడాలు బయటపడ్డాయి. పిల్లల సంఖ్యను తాము నిర్ణయించలేని స్త్రీలే, ముఖ్యంగా దళిత, ఆదివాసీ స్త్రీలే, ఆ సంఖ్యకు శిక్ష అనుభవించారు. దీన్ని సమర్థించినవారు నాయకులు ఆదర్శంగా ఉండాలన్నారు. ఆ ఆదర్శం పార్లమెంటుకు, అసెంబ్లీకి ఎందుకు వర్తించలేదో ఎవరూ చెప్పలేదు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనను తొలగించింది. స్త్రీలకు జరిగిన అన్యాయం గుర్తొచ్చి కాదు. జనాభా ముసలిదవుతోందని, నియోజకవర్గాల పునర్విభజనలో దక్షిణాది నష్టపోతుందని. 1997లో జనాభా విధానం తెచ్చిన ముఖ్యమంత్రే 2024 అక్టోబరులో, ఇద్దరికన్నా ఎక్కువ పిల్లలున్నవారే స్థానిక ఎన్నికలకు అర్హులని చట్టం తెస్తే ఎలా ఉంటుందని బహిరంగంగా ఆలోచించారు. కొద్ది నెలలకు ఒక పార్లమెంటు సభ్యుడు మూడో బిడ్డ ఆడపిల్లయితే 50 వేలు, మగపిల్లవాడైతే ఆవును ఇస్తానన్నారు. కోటా పోయిందనుకుంటే తిరగబడి వచ్చింది. ప్రోత్సాహకం తీరూ అదే, అడగనితనమూ అదే. అయితే ముగ్గురిని కనమని చెప్పే ప్రభుత్వానికి ఊళ్లోకి వెళ్లాక ఎదురయ్యేది తన పాత విజయమే. ఇరవై ఆరేళ్ల ఆమె ఇద్దరు పిల్లలతో గుమ్మంలో నిలబడి, ఆపరేషన్ అయిపోయిందని చెబుతుంది.